గజాల ఇల్లు, కిలోమీటర్ల దారి

హైదరాబాదు చరిత్రను అందరూ చార్మినార్ దగ్గర మొదలుపెడతారు. మేము పురానాపూల్ దగ్గర మొదలుపెడతాం. చార్మినార్ కంటే పదమూడేళ్లు పెద్దది పురానాపూల్. 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, మూసీ మీద ఆ వంతెన కట్టేనాటికి ఇవతలి ఒడ్డున నగరమే లేదు. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోయారు. నీళ్లకు కటకట, జాగాకు కటకట. ఆ ఇరుకు పడలేకే 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఏటికి ఇవతల కొత్త నగరానికి పునాది వేశాడు. భాగమతి కథ సినిమాలకు బావుంటుంది. మాకు మాత్రం ఇరుకు కథే నమ్మబుద్ధవుతుంది. పగలు కోటలో కొలువు, రాత్రికి ఏరు దాటి ఇల్లు. మధ్యలో పది కిలోమీటర్లకు అటూ ఇటూ దారి. కాస్త విశాలమైన ఇంటి కోసం దూరాన్ని ఒప్పుకున్నవాడే తొలి హైదరాబాదీ.

నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ లెక్క తెగలేదు. ఇప్పుడది మా ఇంట్లో నడుస్తోంది. శాలిబండ గల్లీలో మాది నలభై రెండు గజాల వాటా. రెండు గదులు, ఒక బావర్చీఖానా. అమ్మీ, మేమిద్దరం, ముగ్గురు పిల్లలు. ఆఫీసు సోమాజిగూడలో. ట్రాఫిక్కు దయతలిస్తే గంట. పహాడీ షరీఫ్ దారిలో షాహీన్ నగర్ అవతల వంద గజాల ఇల్లొకటి బేరానికొచ్చింది. నాలుగు గదులు, మీద డాబా. అక్కడి నుంచి ఆఫీసుకు ఇరవై కిలోమీటర్లు. పోనూ రానూ రోజుకు మూడు గంటలకు తక్కువ కాదు.

ఈ సంగతి చెబితే ఆఫీసులో ఒక మిత్రుడన్నాడు: "అసలు మీవాళ్లు పాతబస్తీ వదిలి ఎందుకు రారండీ? మా కూకట్‌పల్లి వైపు చూడొచ్చు కదా!" ఆయన మంచివాడే. మా మేలు కోరే అన్నాడు. కానీ ఆ 'మీవాళ్లు' దగ్గర ముల్లు గుచ్చుకుంది. మేము ఉన్నచోట ఉండిపోవడం మా స్వభావమన్నట్టు, ఇరుకు మాకు ఇష్టమన్నట్టు వినిపించింది. ఎవరు ఎక్కడ ఉండాలన్నది ఎప్పుడెప్పుడు ఎవరెవరు తేల్చారో చెప్పకపోతే ఆ మాటకు జవాబు దొరకదు.

పాత నగరంలో ఇల్లూ పనీ పక్కపక్కనే ఉండేవి. నవాబు దేవిడీ చుట్టూ ఆయన్ని నమ్ముకున్న జనం. సిపాయి, సయీసు, దర్జీ, రంగ్రేజు, గాజులవాడు అందరూ కేక వేస్తే పలికే దూరంలోనే. చుట్టూ గోడ, గోడకు దర్వాజాలు. ఇప్పుడు మిగిలినవి పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే. ఆ నగరాన్ని పొగడటం మా ఉద్దేశం కాదు. దేవిడీలో ఆంగన్ ఎంత విశాలమో, దాని వెనుక నౌకర్ల కొట్టాలు అంత ఇరుకు. అయితే పనికి పోవడం అంటే గల్లీ మలుపు తిరగడమే.

1908 సెప్టెంబరు 28న మూసీ ఆ నగరాన్ని చీల్చేసింది. ఆ వరదలో పదిహేను వేల మంది దాకా పోయారంటారు. తర్వాత విశ్వేశ్వరయ్య వచ్చాడు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఇళ్ల సంగతి అంతగా ఉండదు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు కూల్చి, రోడ్లు వెడల్పు చేసి, చిన్న జీతగాళ్ల కోసం వరసల్లో క్వార్టర్లు కట్టారు. కొన్ని బస్తీలకు 'సీఐబీ క్వార్టర్స్' అన్న పేరు ఇప్పటికీ అతుక్కునే ఉంది. నీళ్లు ముంచిన వాళ్లకు ఇల్లు చూపించాలన్న ఆలోచన ఆనాటి సర్కారుకైనా ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అదే కాలంలో మరో సంగతి సద్దు లేకుండా జరిగింది. పెద్దలు ఏరు దాటారు. ఏడో నిజాం పురానీ హవేలీకి రాకుండా కింగ్ కోఠీలోనే ఉండిపోయాడు. సర్కారీ దఫ్తర్లు సైఫాబాద్ వైపు జరిగాయి. మెహదీ నవాజ్ జంగ్ బంజారా కొండల మీద బండరాళ్లను కలుపుకుని ఇల్లు కట్టుకున్నాడు. వాళ్లకు దూరం ఒక లెక్క కాదు, గుమ్మంలో మోటారు ఉంది. 1932లో నిజాం రైల్వే వాళ్లు ఇరవై ఏడు బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. అయినా మా దాదా సైఫాబాద్ దఫ్తరుకు సైకిల్ మీదే పోయేవారట, షేర్వానీ అంచు చైనులో పడకుండా క్లిప్పు పెట్టుకుని. ఇల్లు మారలేదు, పని జరిగిపోయింది. మా దూరం అక్కడ మొదలైంది.

1948 సెప్టెంబరు వచ్చింది. కొందరికది విమోచనం, కొందరికి విలీనం. మా ఇళ్లలో దాన్ని పోలీస్ యాక్షన్ అనే అంటారు, గొంతు తగ్గించి. ఆ రోజుల్లో జిల్లాల్లో ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ రాసింది. తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయి ఉంటారని దాని అంచనా. ఆ కాగితాలను దశాబ్దాల పాటు జనానికి కనపడనివ్వలేదు. ప్రాణాలతో మిగిలినవాళ్లు బీదర్ వైపు నుంచి, మరాఠ్వాడా నుంచి మూటలతో నగరంలోకి వచ్చారు. ఎక్కడికి పోతారు? చుట్టాల ఇళ్లకే. మా ఇంటి ఆంగన్‌లో అనార్ చెట్టు కింద ఒక కుటుంబం మూడేళ్లు ఉందని అమ్మీ తన అత్తగారి నోట విని మాకు చెప్పేది.

మరుసటేడు, 1949లో, జాగీర్లు రద్దయ్యాయి. కావలసిందే, జాగీర్దారు కింద నలిగిన రైతుకు కావలసిందే. కానీ జాగీర్దారుతో పాటు అతని గుమాస్తా, అతని దర్బాను, అతని వంటవాడు కూడా రోడ్డున పడ్డారు. ఫౌజులోంచి, దఫ్తర్లలోంచి వేలమంది బయటికొచ్చారు. దేవిడీలు ముక్కలుగా అమ్ముడుపోయాయి. చిన్న ఇళ్లు ముక్కలుగా పంచుకోబడ్డాయి. మా ఇంటి కథ అదే. దాదా పోయాక నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. షరీయత్ లెక్కన వాటాలు పడ్డాయి. మొదట దాలాన్‌కు అడ్డంగా గోనెపట్టా కట్టారు. రెండో ఏడు చెక్కలు, ఐదో ఏటికి ఇటుక గోడ. ఆంగన్ మాయమైంది. అనార్ చెట్టు ఎవరి వాటాలోనిదో తేలక కొట్టేశారు.

అబ్బా వయసుకొచ్చేసరికి పని ఇంకా పైకి పోయింది. సనత్‌నగర్, బాలానగర్, రామచంద్రాపురం. కర్మాగారాలన్నీ ఉత్తరానికీ పడమటికీ లేచాయి. మేముండేది దక్షిణాన. బాలానగర్ వైపు ఒక కంపెనీలో అబ్బాకు నౌకరీ. రెండు బస్సులు మారాలి. ఫజర్ నమాజ్ చేసి ఇల్లు వదిలితే ఇషా వేళకు వచ్చేవారు. ఆదివారం తప్ప అబ్బా ముఖం మేము పగటి వెలుతురులో చూసింది తక్కువ. తర్వాత సైబర్ టవర్స్ వచ్చాయి, 1998లో. అవీ అటే. పెద్ద ఇల్లు కావాలంటే దూరం భరించాలి, దగ్గర కావాలంటే ఇరుకు భరించాలి అని లోకం లెక్క. పాతబస్తీకి ఆ లెక్క వర్తించలేదు. ఇరుకూ మాకే, దూరమూ మాకే.

మరి పని ఉన్నచోటికే ఇల్లు మార్చవచ్చు కదా? కొందరు మార్చారు. గల్ఫ్ డబ్బు చూసినవాళ్లు, ఆఫీసర్లు టోలీచౌకీ వైపు, మెహదీపట్నం వైపు పోయారు. మిగిలిన వాళ్లను కత్తులు ఆపాయి. 1978లో రమీజాబీ ఉదంతం తర్వాతి ఏళ్లన్నీ కర్ఫ్యూల ఏళ్లే. 1990 డిసెంబరులో వందమందికి పైగా చనిపోయారు. ఒక్కో అల్లరి తర్వాత ఒక్కో వలస. మా వాళ్లు అటు నుంచి ఇటు వచ్చారు. మా గల్లీలో మూడు తరాలుగా ఉన్న ఒక తెలుగు కుటుంబం ఇటు నుంచి అటు పోయింది. ఆ ఇంటి ముసలమ్మ వెళ్లేరోజు మా అమ్మీని పట్టుకుని ఏడ్చిన ఏడుపు గల్లీ అంతా విన్నది. ఇల్లు సగం ధరకు అమ్ముకుని పోయారు. కొన్నవాడు మావాడే. అది కూడా రాయాలి.

కత్తులు సద్దుమణిగాక వేరే తలుపులు మూసుకున్నాయి. పదేళ్ల కిందట ఆఫీసు దగ్గర కిరాయి ఇల్లు వెతికాం. ఫోన్లో మా తెలుగు విని ఇంటాయన మురిసిపోయాడు. "రండి సార్, సాయంత్రమే తాళం ఇస్తా" అన్నాడు. పేరు అడిగాడు, చెప్పాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మావాళ్లని ఒకమాట అడగాలండీ" అన్నాడు. ఆ అడగడం ఇప్పటికీ అయిపోలేదు. ఇంకొకావిడ ఇంకా మర్యాదస్తురాలు. "మీరైతే పర్లేదు బాబూ, మీ ఇంటికొచ్చేవాళ్లు..." అన్నది. ఇరవై ఏళ్లుగా తెలుగులో వార్తలు రాసి తింటున్నాం. ఆ తెలుగు మమ్మల్ని గుమ్మం దాకా తీసుకెళ్లింది గానీ గుమ్మం దాటించలేదు.

బ్యాంకు సంగతి సరేసరి. ముస్లిం బస్తీలను కొన్ని బ్యాంకులు అప్పివ్వకూడని జోన్లుగా గుర్తు పెట్టుకున్నాయని 2006లో సచార్ కమిటీయే రాసింది. మాలో చాలామందికి సూద్ అంటే భయం, అదీ ఉంది. ఇక మిగిలింది నగరం అంచున వాయిదాల మీద దొరికే ప్లాటు, నోటరీ కాగితం. రిజిస్ట్రేషన్ లేని ఆ కాగితానికి ఏ బ్యాంకూ అప్పివ్వదు. అప్పు లేక అలాంటి ప్లాటే కొనాలి, అది కొన్నందుకు మళ్లీ అప్పు పుట్టదు.

మా తమ్ముడు 2012లో అట్లాగే పోయాడు, షాహీన్ నగర్ దగ్గర నూట ఇరవై గజాలకు. చార్మినార్ నుంచి ఇంచుమించు గోల్కొండకు ఉన్నంత దూరం. పత్తర్‌గట్టీలో బట్టల దుకాణంలో పని. పొద్దున పోతే అర్ధరాత్రి సెవెన్ సీటర్‌లో వేలాడుతూ రావడం. కానీ దూరం అసలు ఖరీదు కట్టింది వాడు కాదు, వాడి భార్య. శాలిబండలో ఆమె లాడ్ బజార్ లాఖ్ గాజులకు నగీనాలు అతికేది. సరుకు గుమ్మంలోకే వచ్చేది. పిల్లవాడికి జ్వరమొస్తే ఎదురింటి ఖాలా ఉంది. ఓనీ కప్పుకుని నాలుగు గుమ్మాలు తిరిగితే ప్రపంచమంతా చుట్టినట్టే. అక్కడ నాలుగు గదులున్నాయి, పలకరించే మనిషి లేదు. గాజుల మేస్త్రీ అంత దూరం సరుకు పంపనన్నాడు. మొదటి రంజాన్‌కు పోయినప్పుడు అమ్మీ ఇల్లంతా తిరిగి చూసి ఒక్కటే మాటన్నది: "ఘర్ బడా హువా తో క్యా హువా, ఘర్ మే ఆద్మీ తో హోనా." ఇల్లు పెద్దదైతే ఏమి, ఇంట్లో మనిషన్నవాడు ఉండాలి కదా అని.

2020 అక్టోబరులో మళ్లీ వాన పడింది. బండ్లగూడ దగ్గర పల్లెచెరువు కట్ట తెగింది. జల్‌పల్లి పక్కన ఉస్మాన్ నగర్ నెలల తరబడి నీళ్లలో నానింది. చౌకగా దొరికాయని కొన్న ప్లాట్లు చాలా చోట్ల చెరువు శిఖం భూములని అప్పుడు తెలిసింది. అమ్మినవాడికి ముందే తెలుసు. 1908లో మునిగినవాళ్లకు, నాలుగేళ్లకైనా, ఒక బోర్డు పెట్టారు. 2020లో ఇంటికి పదివేల సాయం ప్రకటించారు. దాని కోసం కట్టిన లైన్లు మేమే రాశాం పేపర్లో.

తమ్ముడి ఇల్లు కొంచెం మెరక మీద ఉంది, మునగలేదు. ఆ నాలుగు గదుల్లో అప్పుడు మూడు కుటుంబాలు ఉన్నాయి, పద్నాలుగు మంది. గిన్నెలు చాలక తసలాలో బగారా వండారట. మరదలు ఫోన్లో అమ్మీతో, "అమ్మీ, ఇప్పుడు ఇంట్లో మనిషికేం కొదువ లేదు" అని నవ్వింది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు వినడం మాకదే మొదలు.

ఇప్పుడు మా లెక్క. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశాక మరదలు వారానికి రెండుసార్లు తనే శాలిబండ వచ్చి గాజుల సరుకు పట్టుకుపోతోంది. పాతబస్తీ వైపు రావాల్సిన మెట్రో లైను 2020లో ఎంజీబీఎస్ దాకా వచ్చి, మూసీ దాటే ముందే ఆగింది. పాతబస్తీ లైనుకు 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. ఆ రైలును నమ్ముకుని ఇల్లు కొనే వయసు మాది కాదు. మా ఆవిడ పనిచేసే బడి మా గల్లీ చివరే. అటు పోతే ఆమె కూడా రెండు పూటలా బస్సే. ఇక మిగిలింది పెద్ద పిల్ల. పదో తరగతి. రాత్రి అందరూ పడుకున్నాక మెట్ల మీద బల్బు కింద కూర్చుని చదువుతుంది. చలికాలంలో దుప్పటి చుట్టుకుని. మేము అర్ధరాత్రి డ్యూటీ నుంచి వస్తే కాళ్లు ముడుచుకుని దారి ఇస్తుంది. "అబ్బా, ఆ ఇంట్లో నాకు తలుపున్న గది ఉంటుందా?" అని అడిగింది. అబ్బా రెండు బస్సులు మారి పోయిన దారి గుర్తొచ్చింది. మూడు గంటలు మావి, తలుపు దానిది.

రిజిస్టర్డ్ కాగితమే కావాలన్నాం, మెరక జాగానే కావాలన్నాం, ధర రెండు లక్షలు పెరిగింది. పోయిన జుమ్మా నాడు బయానా ఇచ్చి వచ్చాం. శాలిబండ వాటా అమ్మడం లేదు. ఆ సంగతి చెప్పకముందే అమ్మీ అడిగింది, "నా జనాజా ఎక్కడి నుంచి లేస్తది?" అని. మావాళ్ల ఖబరస్తాన్ మా గల్లీకి నడిచిపోయే దూరం. భుజాల మీదే పోవచ్చు.

పిల్లలు పుస్తకాలు కట్టలు కడుతున్నారు. అమ్మీ తన ట్రంకుపెట్టె ఇంకా ముట్టుకోలేదు.