మైపాడు తీరంలో చట్ట అవగాహన

మైపాడు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని తీర గ్రామం. నెల్లూరు నుంచి సుమారు 25 కిలోమీటర్లు. సెలవులకు వచ్చేవారికి ఇది బీచ్. ఇక్కడ బతికేవారికి మాత్రం వేటకో చట్టం, ఒడ్డున కట్టే ఇంటికో చట్టం, రొయ్యల గుంటకో చట్టం. అవి జనానికి చేరే దారులు కొన్ని ఉన్నాయి, కొన్ని కాగితం మీదే ఉన్నాయి.

వేట విరామం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆగుతుంది. అంతకుముందు తక్కువగా ఉన్న ఈ గడువును 2015లో పెంచారు. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు రాష్ట్రం 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద, ఆపైన కేంద్రం ఉత్తర్వులిస్తాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని కారణం చెబుతారు.

ఈ తేదీలు తెలియనివారు పట్టపుపాలేల్లో, అంటే పట్టపు జాలర్ల ఊళ్లలో, ఉండరు. తెలియాల్సింది మిగతాది. నిషేధం మరబోట్లకు, ఇంజిను బిగించిన పడవలకే. ఇంజిను లేని తెప్పకు వర్తించదు. విరామ కాలపు భృతి 2019లో 10,000 రూపాయలు, 2025లో 20,000 అయింది. దానికి అర్హత ఏమిటో, పేరు జాబితాలో లేకపోతే ఎవరినడగాలో కూడా తేదీలంత గట్టిగా చాటితే సగం తగాదాలు తగ్గేవి.

ఈ ఊళ్లకు చట్టంలాంటిది కొత్తేమీ కాదు. కుల పెద్దలు పెట్టే కట్టుబాటును ఇక్కడ దురాయి అంటారు. పెద్దలు ఎదురుగానే ఉంటారు కాబట్టి దాని కారణం అడగొచ్చు, వాదించొచ్చు. జీవోతో ఆ వీలు లేదు.

తీరం గీతలు

తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ తొలిసారి 1991లో వచ్చింది. 2011లో, 2019లో కొత్తవి జారీ అయ్యాయి. గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి 200 మీటర్లలోపు కొత్త నిర్మాణాలకు సాధారణంగా వీల్లేదు. 2019 తర్వాత, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన ఊళ్లలో ఆమోదిత ప్రణాళిక ఉంటే ఆ హద్దు 50 మీటర్లు. పోటు రేఖంటే ఆ రోజు అల తాకిన చోటు కాదు, అధికారులు పటంలో గీసిన గీత. కాబట్టి కళ్లతో చూసి ఇల్లు కట్టుకుంటే చాలదు, పటం చూడాలి.

ఏ భాషలో

రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం చట్టాల అధికారిక పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. అంతమాత్రాన తెలుగులో చెప్పడం దయాదాక్షిణ్యం కాదు. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్, విధానాలు రూపొందించేటప్పుడు వాటికి సంబంధించిన వాస్తవాలను ప్రచురించమంటుంది. సమాచారాన్ని వ్యాప్తి చేసేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోమంటుంది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టులపై ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభ ముగిసేటప్పుడు జనం చెప్పిన అభిప్రాయాలన్నిటి సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఈ చివరి నియమం సంగతి సభకొచ్చేవారిలో చాలామందికి తెలియదు.

2020 ముసాయిదా పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌ను ఎనిమిదో షెడ్యూలు భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది జూన్ 30న ఆదేశించింది, అభ్యంతరాల గడువును ఆగస్టు 11 దాకా పెంచింది.

జిల్లా అనుభవం

వివరించి చెబితే ఏమవుతుందో ఈ జిల్లా చూసింది. 1990 దశకం మొదట్లో అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమం రాత్రి బడుల్లో ఆడవాళ్లు సారా గురించిన పాఠం చదివారు, తర్వాత దూబగుంట గ్రామంలో సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లా దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం చట్టం గురించి కాదు, వాళ్ల బతుకు గురించి. అందుకే పనిచేసింది.

ఉచిత సహాయం

1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, విపత్తు బాధితులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఈ తీరంలోని యానాదులు ఎస్టీలే. తుపానులో ఇల్లు పోయిన కుటుంబమైతే ఏ కులానిదైనా అర్హమే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు. ఫోన్ సహాయానికి నంబరు 15100.