పచ్చని పొలం.. బహుళ అంతస్తుల స్థలంగా మారేదెలా?
శివారు పట్టణాల్లో భూ వినియోగ మార్పిడి, అపార్టుమెంట్ల అనుమతులు - పూర్వాపరాలు

హైదరాబాద్ చుట్టూ రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి జిల్లాల్లో పొలాలు ప్లాట్లుగా, ప్లాట్లు అపార్టుమెంట్లుగా మారుతున్నాయి. కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట, కొంపల్లి, నార్సింగి, ఆదిభట్ల వంటి ప్రాంతాల రూపురేఖలు రెండు దశాబ్దాల్లో గుర్తుపట్టలేనంతగా మారాయి. ఈ మార్పు వెనుక గజం ధరతో పాటు ప్రభుత్వ పటంలోని ఒక రంగు కూడా ఉంటుంది. పటంలో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందన్న దానిపైనే అక్కడ ఏం కట్టవచ్చు, ఎంత ఎత్తు కట్టవచ్చు అన్నది ఆధారపడుతుంది. ఈ సంగతి తెలియక జీవితకాలపు కష్టార్జితాన్ని చిక్కుల్లో పడవేసుకున్న మధ్యతరగతి కుటుంబాలు శివార్లలో కోకొల్లలు.

పంచాయతీల నుంచి మహానగరం దాకా..
పట్టణాభివృద్ధి ప్రాంతాల చట్టం 1975లో వచ్చింది. దాని కిందే హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) ఏర్పడింది. అప్పట్లో శివారు గ్రామాల్లో అత్యధికం పంచాయతీలే. తర్వాత వాటిలో పెద్దవి మున్సిపాలిటీలయ్యాయి. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం, ఉప్పల్ కలాన్, మల్కాజిగిరి, కాప్రా, అల్వాల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్, రామచంద్రాపురం, పటాన్‌చెరు.. ఈ 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను నగరపాలక సంస్థలో విలీనం చేసి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేశారు.

2008లో హుడా స్థానంలో హెచ్‌ఎండీఏ వచ్చింది. దాని పరిధి ఏడు వేల చదరపు కిలోమీటర్లు దాటింది. ప్రాంతీయ వలయ రహదారి వరకు విస్తరిస్తూ 2025 మార్చిలో ఆ పరిధిని పది వేల చదరపు కిలోమీటర్లకు పైగా పెంచారు. 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు లోపలి పంచాయతీలను 2024లో సమీప మున్సిపాలిటీల్లో కలిపారు. 2025 డిసెంబరులో 27 పురపాలక సంస్థలు జీహెచ్‌ఎంసీలో విలీనమయ్యాయి. పాలక సంస్థ పేరు ఇలా పలుమార్లు మారినా భూమి జోన్ మాత్రం దానంతట అది మారదు. పంచాయతీ మున్సిపాలిటీ అయినంత మాత్రాన వ్యవసాయ జోన్ నివాస జోన్ కాబోదు. కొనుగోలుదారులు తరచూ పొరబడేది ఇక్కడే.

రంగు చెప్పే భాష
శివారు ప్రాంతాలకు వర్తించే బృహత్ ప్రణాళిక-2031ను ప్రభుత్వం 2013 జనవరిలో ఆమోదించింది. సుమారు 5,965 చదరపు కిలోమీటర్లకు వర్తించేలా రూపొందిన ఈ ప్రణాళికలో ప్రతి సర్వే నంబరునూ ఏదో ఒక వినియోగం కింద చూపారు. నివాస జోన్లు నాలుగు రకాలు. వాటితో పాటు వాణిజ్యం, తయారీ పరిశ్రమలు, బహుళ వినియోగం, ప్రజోపయోగం, వినోదం, జలవనరులు, అడవులకు వేర్వేరు జోన్లున్నాయి. పట్టణం విస్తరించే అంచును పెరి అర్బన్ జోన్‌గా, సాగుభూములను కన్జర్వేషన్ జోన్‌గా గుర్తించారు. కన్జర్వేషన్ జోన్‌లోని పొలంలో అపార్టుమెంటు కట్టాలంటే ముందుగా భూ వినియోగ మార్పిడి జరగాలి. స్థిరాస్తి వ్యాపారులు దీన్నే సీఎల్‌యూ అంటారు.

మార్పిడి ఇలా..
భూ యజమాని యాజమాన్య పత్రాలు, పహాణీలు, సర్వే పటంతో దరఖాస్తు చేసుకుంటారు. అధికారులు స్థలాన్ని పరిశీలిస్తారు. రోడ్డు వెడల్పు, చుట్టుపక్కల వినియోగం, చెరువులు, నాలాలు ఎంత దూరంలో ఉన్నాయన్నది నివేదికలో రాస్తారు. నివేదిక ప్రభుత్వానికి చేరుతుంది. ప్రభుత్వం సుముఖంగా ఉంటే ముసాయిదా ప్రకటన వెలువడుతుంది. దానిపై అభ్యంతరాలు, సూచనలకు గడువు ఇస్తారు. సాధారణంగా ఇది 15 రోజులు. గడువు ముగిశాక వచ్చిన అభ్యంతరాలను పరిశీలించి, నిర్దేశిత రుసుములు కట్టించుకొని తుది ఉత్తర్వులు జారీ చేస్తారు.

పరిశ్రమ పక్కన ఇళ్లు వస్తే పొగ ఎవరు పీల్చాలి? ముప్ఫై అడుగుల దారి ఉన్న ఊరికి వందల కుటుంబాలు వస్తే వాహనాలు ఎక్కడ తిరగాలి? ఈ ప్రశ్నలను ప్రభుత్వం ముందుంచడానికి స్థానికులకు చట్టం ఇచ్చిన అవకాశం ఆ 15 రోజులే. ప్రకటనలో గ్రామం పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, ప్రస్తుత జోన్, ప్రతిపాదిత జోన్, నాలుగు హద్దులు ఉంటాయి. పత్రికలో ఓ మూలన కనిపించే ఈ ప్రకటనను చదివేవారు తక్కువ. భవనం లేచాక ఆందోళనలు చేసేవారు ఎక్కువ.

రెండు ‘నాలా’లు.. రెండు అనుమతులు
శివార్లలో ‘నాలా’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి వాన నీరు పారే కాలువ. రెండోది వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చే చట్టానికి వాడుకలో వచ్చిన పేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టం 2006లో వచ్చింది. దాని కింద రెవెన్యూ శాఖ రుసుము తీసుకొని భూమిని వ్యవసాయేతరంగా నమోదు చేస్తుంది.

అయితే నాలా మార్పిడి వేరు, జోన్ మార్పిడి వేరు. మొదటిది రెవెన్యూ రికార్డుకు సంబంధించినది. రెండోది బృహత్ ప్రణాళికకు సంబంధించినది. నాలా ఉత్తర్వు చూపి ‘అన్ని అనుమతులూ ఉన్నాయి’ అని ప్లాట్లు అమ్మడం శివార్లలో పాత అలవాటు. కన్జర్వేషన్ జోన్‌లోని భూమికి నాలా ఉత్తర్వు ఉన్నా, జోన్ మారకుంటే అపార్టుమెంటుకు అనుమతి రాదు. భూమి రిజిస్ట్రేషన్ జరిగిందన్నది సైతం నిర్మాణ అనుమతికి హామీ కాదు.

ఎత్తుకు కొలమానం రోడ్డే
దేశంలోని అనేక నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి ఉంది. దాన్ని ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. హైదరాబాద్‌లో 2006 మార్చి నాటి జీవో 86 ఆ విధానానికి స్వస్తి పలికింది. 2012 ఏప్రిల్ నాటి జీవో 168 సైతం అదే బాటలో నడిచింది. స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం.. ఈ మూడింటిని బట్టి ఎత్తు నిర్ణయమవుతుంది. 18 మీటర్లలోపు ఉండే స్టిల్ట్, అయిదు అంతస్తుల భవనాలు శివారు కాలనీల్లో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. ఆ ఎత్తుకు చేరితే బహుళ అంతస్తుల భవనం కిందకు వస్తుంది. అందుకు జీవో 168 కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ నిర్దేశించింది. ఎత్తు పెరిగేకొద్దీ ఇవీ పెరుగుతాయి. అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరి. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరితే పర్యావరణ అనుమతి కూడా అవసరం.

ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేకపోవడం వల్ల పెద్ద రోడ్డు పక్కనున్న ఎకరం విలువ అనూహ్యంగా పెరుగుతుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలకడానికి ఇదొక కారణం. కొనుగోలుదారుకు మాత్రం మరో కోణం ఉంది. ఎకరం అంటే 4,840 చదరపు గజాలు. అందులో 100 ఫ్లాట్లు కడితే ఒక్కో ఫ్లాటుకు సగటున 48 గజాల పైచిలుకు భూమి వాటా వస్తుంది. 300 ఫ్లాట్లు కడితే అది 16 గజాలకు తగ్గుతుంది. ఆకాశహర్మ్యంలో చదరపు అడుగు ధర ఎక్కువ, భూమి వాటా తక్కువ. రేపు భవనం పాతబడినప్పుడు మిగిలేది ఆ వాటాయే. అదే ఎకరంలోని 300 కుటుంబాలకు తాగునీరు, మురుగు కాలువలు సమకూర్చే భారం మాత్రం ఆ ఊరిపైనే పడుతుంది.

84 గ్రామాల కథ
జోన్ నిబంధనకు, ప్రజల తాగునీటికి ఉన్న సంబంధానికి జీవో 111 ప్రత్యక్ష నిదర్శనం. 1908 మూసీ వరదల అనంతరం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను నిర్మించారు. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996 మార్చి 8న ఈ ఉత్తర్వు వెలువడింది. పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పరిశ్రమలు, భారీ నివాస సముదాయాలు, పెద్ద హోటళ్లను నిషేధించింది. లేఅవుట్లలో 60 శాతం స్థలాన్ని ఖాళీ ప్రదేశాలకు, రోడ్లకు వదలాలని చెప్పింది. జలాశయాల సమీపంలో పరిశ్రమ స్థాపన వివాదంపై 1999, 2000 సంవత్సరాల తీర్పుల్లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రానికే ప్రాధాన్యమిచ్చింది.

పక్క గ్రామంలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూములకు ధర లేకుండా పోయిందన్నది ఈ గ్రామాల రైతుల చిరకాల ఆవేదన. నగరానికి తాగునీరు ఇచ్చిన, వరదను ఆపిన జలాశయాలు మురుగు గుంటలవుతాయన్నది పర్యావరణవేత్తల ఆందోళన. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ప్రభుత్వం ఆంక్షలను సడలించేందుకు ఉపక్రమించింది. 2023 మేలో మంత్రివర్గం జీవో 111ను పూర్తిగా ఎత్తివేయాలని నిర్ణయించింది. అయితే మంత్రివర్గ నిర్ణయం వెలువడిన రోజే సర్వే నంబరు రంగు మారదు. జోన్ మార్పు నోటిఫికేషన్ రూపంలో రావాల్సిందే. ‘నిషేధం పోయింది’ అన్న ఒక్క మాట నమ్మి ముందే కొనేవారు ఈ తేడాను గమనించాలి.

చెరువు గట్టున ఇల్లు
పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలని జీవో 168 చెబుతోంది. వరుసగా వానలు లేని ఏళ్లలో ఎండిన చెరువు పొలంలాగే కనిపిస్తుంది. అమ్మేవారికి అదే అదను. 2020 అక్టోబరు వరదల్లో చెరువుల దిగువ కాలనీలు రోజుల తరబడి నీట మునిగాయి. 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా చెరువుల పరిధిలోని కట్టడాలను కూల్చివేయడం ప్రారంభించింది. కూలిన వాటిలో రిజిస్ట్రేషన్ పత్రాలు, కరెంటు మీటర్లు, ఇంటి పన్ను రసీదులు ఉన్న ఇళ్లూ ఉన్నాయి. ఆ మూడింటిలో ఏదీ జోన్‌కు ప్రత్యామ్నాయం కాదని ఆ కుటుంబాలకు ఆలస్యంగా తెలిసింది.

క్రమబద్ధీకరణపై భరోసా వద్దు
‘ఇప్పుడు కట్టేద్దాం, తర్వాత క్రమబద్ధీకరించుకుందాం’ అన్న ధోరణి శివార్లలో పాతుకుపోయింది. 2007 డిసెంబరు 31న జీవో 901 కింద భవనాలకు, జీవో 902 కింద లేఅవుట్లకు క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. 2015లో మరోసారి, 2020 ఆగస్టులో జీవో 131 ద్వారా లేఅవుట్లకు ఇంకోసారి అవకాశమిచ్చారు. చివరి పథకానికి రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఈ పథకాలు చెరువు శిఖం భూములకు, ప్రభుత్వ భూములకు వర్తించవు. రుసుము కట్టినా అన్ని దరఖాస్తులూ ఆమోదం పొందుతాయన్న హామీ లేదు.

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం యజమాని స్వీయ ధ్రువీకరణ ఆధారంగా చిన్న ఇళ్లకు వెంటనే, పెద్ద భవనాలకు 21 రోజుల్లో అనుమతి ఇచ్చే విధానం తెచ్చింది. 2025లో బిల్డ్‌నౌ పేరిట కొత్త ఆన్‌లైన్ విధానం మొదలైంది. వేగం పెరిగిన మేరకు బాధ్యతా పెరిగింది. అనుమతికి విరుద్ధంగా కట్టిన భవనాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్ని 2019 నాటి పురపాలక చట్టం కల్పించింది.

కొనేముందు ఇవి చూడాలి
* సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో తెలిపే ధ్రువపత్రాన్ని హెచ్‌ఎండీఏ లేదా సంబంధిత ప్రణాళిక విభాగం నుంచి సొంతంగా పొందాలి. విక్రేత ఇచ్చిన నకలుపై ఆధారపడరాదు.
* బృహత్ ప్రణాళిక రోడ్డు ఆ స్థలం మీదుగా వెళుతోందేమో పటంలో పరిశీలించాలి.
* చెరువు, నాలా హద్దులను నీటిపారుదల శాఖ రికార్డుతో సరిచూసుకోవాలి.
* స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8కి మించినా 2016 నాటి రెరా చట్టం కింద ప్రాజెక్టును నమోదు చేయించాలి. నమోదుకు ముందు అమ్మకాలు చట్టవిరుద్ధం. ‘ప్రీ లాంచ్’ పేరిట భూమి వాటా అమ్మజూపినా అప్రమత్తంగా ఉండాలి.
* రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి ముందస్తు చెల్లించనక్కరలేదు.
* ఒప్పందంలో కార్పెట్ ఏరియాతో పాటు భూమి వాటా ఎన్ని గజాలో స్పష్టంగా రాయించుకోవాలి.
* గృహప్రవేశానికి ముందు నివాసయోగ్య ధ్రువపత్రం అడగాలి. జీవో 168 ప్రకారం నిర్మాణంలో 10 శాతాన్ని బిల్డరు అనుమతి సంస్థకు తనఖా పెడతారు. ఆ పత్రం వచ్చాకే తనఖా విడుదలవుతుంది.

2050ని లక్ష్యంగా చేసుకొని కొత్త బృహత్ ప్రణాళిక రూపకల్పనకు హెచ్‌ఎండీఏ ఉపక్రమించింది. ప్రాంతీయ వలయ రహదారి వరకు ఉన్న గ్రామాల్లో ఏది పొలంగా నిలుస్తుందో, ఏది పట్టణమవుతుందో అందులో తేలుతుంది. ముసాయిదా వెలువడినప్పుడు తమ గ్రామ పటాన్ని, అందులోని చెరువులను, దారులను సరిచూసుకొని, లోపాలుంటే గడువులోగా రాతపూర్వకంగా తెలపడం రైతులు, కాలనీ సంక్షేమ సంఘాల చేతుల్లో ఉంది. అభ్యంతరం అందినట్లు రసీదు తీసుకోవడం మరవరాదు.