శ్రమజీవులకు వెలుగుబాటలు వేసిన తెలుగు మహనీయులు

భివండీ పట్టణంలో అంతర్భాగమైన నార్పోలిలో రేయింబవళ్ళు వినవచ్చేది మరమగ్గాల చప్పుడు. ఆ చప్పుడు నడుమనే ఇక్కడి తెలుగు బాలబాలికలు అక్షరాలు దిద్దుకుంటారు. వారి తండ్రులలో పలువురు సాంచాల మీద పనిచేసేవారు. తల్లులలో పలువురు కండెలు చుట్టో, బీడీలు చేసో సంసారానికి చేదోడుగా నిలిచేవారు. పాఠ్యపుస్తకాలలో ఈ పిల్లలు ఛత్రపతి శివాజీ శౌర్యాన్నీ, గాంధీ మహాత్ముని త్యాగాన్నీ చదువుకుంటారు. కాని, "మన వంటి ఇళ్ళలో పుట్టి, మన వంటి పనులు చేసేవారి కోసం పాటుపడి పేరు పొందినవారు ఎవరైనా ఉన్నారా?" అని ఒక విద్యార్థి అడిగితే ఏమి చెప్పాలి?

చెప్పదగిన పేర్లు ఉన్నాయి. వారిలో కొందరు మహారాష్ట్ర గడ్డ మీదనే పనిచేశారు. మరికొందరు తెలుగు నేల మీద ఉండి, వలస వచ్చిన వారి బతుకులకు మూలమైన సమస్యతో జీవితాంతం పోరాడారు. అటువంటి మహనీయుల జీవితాలను ఈ ప్లాటినం ఉత్సవ వేళ స్మరించుకోవడం సముచితం.

బొంబాయిలో సత్యశోధకులు

ముంబయి మహానగరంలో కామాఠీపురా అనే పేట ఉంది. నిజాం రాజ్యం నుండి వలస వచ్చి, కట్టడపు పనులలో చెమటోడ్చిన తెలుగు కామాఠీల వలన ఆ పేటకు ఆ పేరు వచ్చింది. నేడు ఆ పేరు వింటే జనులకు వేరే విషయాలు తలపునకు వస్తాయి కాని, దాని పుట్టుకలో ఉన్నది తెలుగు కూలీల శ్రమ. పందొమ్మిదవ శతాబ్దంలో బొంబాయి నగరం పెరుగుతున్న కొద్దీ ఈ వలస జనంలో నుండే కొందరు మేస్త్రీలుగా, మేస్త్రీల నుండి కాంట్రాక్టర్లుగా ఎదిగారు. వారికి సంపద వచ్చింది. సంపద వచ్చిన తరువాత వారు ఏమి చేశారన్నదే ఇక్కడ గమనించదగిన విషయం.

1873 సెప్టెంబరు 24న జ్యోతిరావు ఫూలే పుణే నగరంలో సత్యశోధక సమాజాన్ని స్థాపించారు. జన్మ చేత ఎవరూ అధికులు కారనీ, శూద్రాతిశూద్రులకూ స్త్రీలకూ చదువే విముక్తి మార్గమనీ ఆయన బోధించారు. ఆ బోధను బొంబాయిలో అందిపుచ్చుకున్నవారిలో తెలుగువారు ముందు వరుసలో నిలిచారు. వ్యంకు బాళోజీ కాళెవార్, జయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలైనవారు ఫూలేకు అండగా నిలిచి, సమాజ కార్యక్రమాలకు చేయూతనిచ్చారు. మరాఠీ భాషలో సాగిన ఒక మహోద్యమానికి పరాయి భాషవారమన్న సంకోచం లేకుండా తమ ధనాన్నీ, పలుకుబడినీ అర్పించిన ఉదారులు వీరు.

ఆ ఉద్యమం నుండే కార్మికోద్యమం కూడా మొలకెత్తింది. ఫూలే సహచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికులను సమావేశపరచి, సుమారు 5,500 మంది సంతకాలతో మహజరు సమర్పింపజేశారు. వారానికి ఒక దినం సెలవు కావాలన్నది అందులో ముఖ్యమైన కోరిక. అది నెరవేరడానికి మరికొన్నేళ్ళు పట్టింది. 1890 జూన్ 10 నుండి బొంబాయి మిల్లులలో ఆదివారం సెలవు అమలులోకి వచ్చింది. లోఖండే తెలుగువారు కారు. అయినా ఆయన సాధించిన సెలవు దినాన్ని మిల్లులలోని తెలుగు కార్మికులూ అనుభవించారు. ఫూలే ఉద్యమానికి తెలుగువారు చేసిన సాయం, ఆ ఉద్యమం నుండి కార్మికలోకానికి కలిగిన మేలు, రెండూ ఒకే బట్టలోని పడుగు పేకలు.

మూగబోయిన మగ్గం, మోగుతున్న సాంచా

కట్టడపు పనివారి బాటలోనే నేతగాండ్రు కూడా వచ్చారు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్లు జిల్లాల పద్మశాలీ కుటుంబాలు కొన్ని షోలాపురానికి, కొన్ని బొంబాయి మిల్లులకు, కొన్ని భివండీకి చేరాయి. 1982 జనవరి 18న బొంబాయి మిల్లులలో ప్రారంభమైన మహాసమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ సమ్మె తరువాత అనేక మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. మిల్లులలో సాగిన నేతపనిలో చాలా భాగం భివండీ వంటి మరమగ్గాల పట్టణాలకు తరలింది. వలసలు మరింత పెరిగాయి. భివండీలో పని నేర్చిన వారిలో కొందరు తిరిగి వెళ్ళి సిరిసిల్లలో సాంచాలు నెలకొల్పారు.

ఇందులో ఒక విషాదం దాగి ఉంది. చేతిమగ్గం మీద బతికిన తాతకు తిండి కరవైంది. ఆ మగ్గాన్ని మూగబోయేటట్లు చేసిన వాటిలో మరమగ్గం ఒకటి. మనుమడు పొట్ట చేతపట్టుకొని వచ్చి ఆ మరమగ్గం ముందే నిలుచున్నాడు. గజాల లెక్కన కూలి, పన్నెండు గంటల పని, ఊపిరితిత్తులలో చేరే దూది ధూళి అతని భాగమయ్యాయి. ఈ విషాదానికి పరిష్కారం వెదకిన ఇద్దరు నాయకులు ఒకే సంవత్సరంలో జన్మించారు. ఒకరు కృష్ణకు దక్షిణాన, మరొకరు గోదావరికి ఉత్తరాన.

ప్రగడ కోటయ్య

ప్రగడ కోటయ్య 1915 జూలై 26న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో జన్మించారు. రైతాంగ నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా శిష్యరికంలో ప్రజాజీవితంలో అడుగుపెట్టి, చేనేత కార్మికుల సమస్యలనే తమ జీవిత కార్యంగా స్వీకరించారు. చీరాల ప్రాంతం ఆయన కార్యక్షేత్రం. అక్కడి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. 1990లో రాజ్యసభ సభ్యులై, ఆ పదవిలో ఉండగానే 1995 నవంబరు 26న కన్నుమూశారు. ప్రజలు ఆయనను "ప్రజాబంధు" అని పిలుచుకున్నారు.

ఆయన వాదం సూటిగా ఉండేది. యంత్రంతో చేతిమగ్గం వేగంలో పోటీపడలేదు. కనుక కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించాలి, నేతగానికి నూలు సరసమైన ధరకు అందాలి, సహకార సంఘం అతనిని మధ్యవర్తి చేతి నుండి కాపాడాలి. ఈ ఆలోచనకు దేశవ్యాప్తంగా బలం చేకూరింది. మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ సైతం చీరలను, ధోవతులను చేనేతకు కేటాయించాలని కోరారు. 1953లో మిల్లు బట్టపై అదనపు సుంకం విధించి, ఆ సొమ్ముతో ఖాదీ, చేనేత పరిశ్రమలను పోషించే చట్టం వచ్చింది. చివరకు 1985లో చేనేతకు వస్త్ర రకాలను కేటాయించే చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. దాని కింద 22 రకాలను ప్రకటించారు. మరమగ్గాల యజమానులు న్యాయస్థానాలను ఆశ్రయించగా, 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. అనంతర కాలంలో ఆ 22 రకాలు 11కు తగ్గిపోయాయి.

మరమగ్గాల పట్టణంలో కోటయ్య పేరు తలచుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. ఆయన కోరినది పూర్తిగా అమలైతే భివండీలో కొన్ని సాంచాలు ఆగిపోయేవి కదా అని ప్రశ్నించవచ్చు. ప్రశ్న సహేతుకమైనదే. అయితే ఆయన కోరినది సకాలంలో, సక్రమంగా అమలై ఉంటే ఎందరో నేతగాండ్రు ఊరు విడిచి రావలసిన అవసరమే కలిగేది కాదేమో. ఆయన పోరాడినది బతుకుతెరువు పోగొట్టుకున్న మనిషి పక్షాన. సాంచా నడిపే కార్మికుడూ ఆ మనిషి సంతానమే.

కొండా లక్ష్మణ్ బాపూజీ

అదే 1915వ సంవత్సరం సెప్టెంబరు 27న నాటి ఆదిలాబాదు జిల్లా వాంకిడిలో ఒక పద్మశాలీ కుటుంబంలో కొండా లక్ష్మణ్ జన్మించారు. మూడేళ్ళ ప్రాయంలోనే తల్లిని కోల్పోయారు. ఆయన ప్రాథమిక విద్య సాగిన రాజూరా, మాణిక్‌గఢ్ నేడు మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉన్నాయి. రెండు భాషలు కలిసే సరిహద్దు సీమలో ఆయన బాల్యం గడిచింది. 1931లో చాందాకు, అంటే నేటి చంద్రపూర్‌కు, వెళ్ళి గాంధీజీని దర్శించారు. ఆ దర్శనం ఆయన జీవితగతిని నిర్ణయించింది.

న్యాయశాస్త్రం చదివి హైదరాబాదులో వకీలు వృత్తి ఆరంభించారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొన్నారు. 1947 డిసెంబరు 4న నిజాంపై నారాయణరావు పవార్ బాంబు విసిరిన కేసులో లక్ష్మణ్‌ను కూడా నిందితునిగా చేర్చారు. హైదరాబాదు సంస్థానం విమోచన పొందే వరకు ఆయన అజ్ఞాతవాసం గడపవలసి వచ్చింది.

1952లో ఆసిఫాబాదు నుండి శాసనసభకు ఎన్నికైన బాపూజీ, తరువాత ఉప సభాపతిగా, మంత్రిగా పనిచేశారు. పదవులలో ఉన్నా ఆయన మనసు చేనేత సహకారోద్యమం మీదనే ఉండేది. విడివిడిగా ఉన్నంతకాలం నేతగాడు షావుకారుకు అప్పుపడి ఉంటాడనీ, సంఘంగా ఏర్పడితేనే తలెత్తుకుంటాడనీ నమ్మి, తెలంగాణలో చేనేత సహకార సంఘాల నిర్మాణానికి పాటుపడ్డారు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు మంత్రి పదవిని త్యజించారు. పదవి కోసం మాట మార్చేవారిని చూసిన ప్రజలకు, మాట కోసం పదవి వదలిన ఈ మనిషి ఆదర్శంగా కనిపించారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న ఆయన నివాసం "జలదృశ్యం"లోనే 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి ఆవిర్భవించింది. తొంబై ఏళ్ళు దాటిన వృద్ధాప్యంలోనూ ఢిల్లీ చలిలో సత్యాగ్రహానికి కూర్చున్నారు. తాను కోరిన రాష్ట్రం ఏర్పడక ముందే, 2012 సెప్టెంబరు 21న పరమపదించారు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం తన ఉద్యాన విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టి గౌరవించింది.

చింతకింది మల్లేశం

పై మహనీయులు చట్టసభలలో, ఉద్యమాలలో పనిచేశారు. నాయకత్వం, ధనం, పెద్ద చదువు లేనివాడు ఏమి చేయగలడన్న సందేహానికి చింతకింది మల్లేశం జీవితం సమాధానం. ఆయన నల్లగొండ జిల్లా (నేటి యాదాద్రి భువనగిరి జిల్లా) ఆలేరు ప్రాంతపు శారాజీపేటకు చెందిన నేతకారుడు. ఇంటి పరిస్థితుల వలన చిన్న తరగతులలోనే బడి మానవలసి వచ్చింది.

పోచంపల్లి పద్ధతిలో చీర నేయాలంటే ముందుగా నూలును "ఆసు" పోయాలి. చేతితో పట్టుకున్న దారాన్ని అర్ధచంద్రాకారంగా అమర్చిన మేకుల చుట్టూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు కదలాలి. దినానికి రెండు చీరల ఆసు పోసే స్త్రీ చేయి 18,000 సార్లు ఆడుతుంది. మల్లేశం తల్లి లక్ష్మి ఏళ్ళ తరబడి ఆ పనే చేసి, భుజం నొప్పితో విలవిలలాడేది. ఇక తన వల్ల కాదని ఆమె అన్నప్పుడు, తల్లి చేతికి బదులు యంత్రాన్ని నిలపాలని కొడుకు సంకల్పించాడు.

1992లో ప్రయత్నం ఆరంభమైంది. చేతిలో డబ్బు లేదు, చెప్పే గురువు లేడు, ఊరివారి ఎగతాళి మాత్రం ఉంది. హైదరాబాదు వెళ్ళి కూలి పనిచేస్తూ, వచ్చిన సొమ్ముతో ఒక్కొక్క భాగాన్నీ సమకూర్చుకున్నాడు. ఏడేళ్ళ తపస్సు 1999లో ఫలించింది. గంటల తరబడి సాగే పని గంటన్నరలో పూర్తయింది. ఆ యంత్రానికి ఆయన పెట్టుకున్న పేరు "లక్ష్మీ ఆసు యంత్రం". 2017లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది.

యంత్రం నేతగాని శత్రువన్న మాట తరతరాలుగా వింటున్నదే. మల్లేశం యంత్రం మాత్రం ఎవరి కూడూ లాగుకోలేదు. నేతను నేతగానికే వదలి, నొప్పిని మాత్రం తానెత్తుకున్నది. ఏ యంత్రాన్నయినా తూచవలసిన తరాజు అదే. అది మనిషి చేతి నుండి పనిని తీసుకుంటున్నదా, బాధను తీసుకుంటున్నదా అని చూడాలి. భివండీ సాంచాలను కూడా ఆ తరాజులో తూచి, వాటి ధూళినీ, చప్పుడునీ, పని గంటలనూ తగ్గించే ఉపాయం కనిపెట్టేవారు ఇంకా రావలసి ఉంది.

వీరి నుండి నేర్వవలసినది

ఈ మహనీయుల కాలాలు వేరు, మార్గాలు వేరు. కాళెవార్, లింగు, అయ్యవారు తమ సంపదను సమాజ సంస్కరణకు వినియోగించారు. కోటయ్య చట్టాన్ని నమ్మారు. బాపూజీ సంఘశక్తిని నమ్మారు. మల్లేశం తన బుద్ధినీ చేతులనూ నమ్ముకున్నాడు. అందరిలోనూ కనిపించే గుణం ఒక్కటే. తమ ఇంటి కష్టాన్ని, తమ వారి కష్టాన్ని తలరాతగా భావించి తల వంచలేదు. దానికి కారణమేమిటని విచారించి, తొలగించే ఉపాయం వెదికారు. విద్యకు పరమార్థం కూడా అదే.

నార్పోలిలో తెలుగు అక్షరం దిద్దుకునే బాలుడు రేపు మరాఠీలో వ్యవహరించవచ్చు, హిందీలో వ్యాపారం చేయవచ్చు, ఇంగ్లీషులో ఉన్నత విద్య అభ్యసించవచ్చు. ఎక్కడ ఉన్నా, తన తండ్రి సాంచా మీద పనిచేశాడని చెప్పుకోవడానికి అతడు సిగ్గుపడనక్కరలేదు. ఫూలే పక్కన నిలిచిన తెలుగువారు కూలీల పేట నుండే వచ్చారు. పద్మశ్రీ అందుకున్న మల్లేశం ఆసు పోసిన తల్లి కొడుకు. ఆ వరుసలో తరువాతి పేరు ఈ బడి బల్లల మీద కూర్చున్న బాలబాలికలలో ఒకరిది కావాలి. అట్టి ఆకాంక్షను వారి హృదయాలలో నాటగలిగితే, ఈ ప్లాటినం ఉత్సవం సార్థకమైనట్లే.