క్యాసెట్టు చీటీ మీద రాసిన విమర్శ

పాటల గురించి గంటలకొద్దీ వాదించుకోవడానికి మగవాళ్లకు ఎప్పుడూ ఒక చోటు దొరుకుతుంది. ఎనభైల్లో మా పాలమూరులో, అంటే 2016లో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలుగా విడిపోయిన ప్రాంతంలో, ఆ చోటు బస్టాండు పక్కన చాయ్ హోటలు, మంగలి షాపు, మరీ ముఖ్యంగా ఖాళీ క్యాసెట్లలో పాటలు నింపి ఇచ్చే రికార్డింగ్ షాపు. చక్రవర్తి గొప్పా, ఇళయరాజా గొప్పా? ఘంటసాల పోయాక పాటే పోయిందా, బాలూతో కొత్తగా మొదలైందా? 1986లో ‘సింహాసనం’ వచ్చి, బప్పీలహరి డిస్కో దరువు ఊరూరా మోగాక ఈ పోట్లాటలోకి మూడో పక్షం చేరింది. పందేలు కట్టుకున్న వాళ్లున్నారు, మాటలు మానుకున్న వాళ్లున్నారు. అభిమానం అంటే ఇదేనని ఇప్పటికీ ముచ్చటగా రాసుకుంటారు.

ఆ ముచ్చట్లలో ఆడవాళ్లు కనిపించరు. పాట వినలేదా అంటే మగవాళ్లకంటే ఎక్కువే విన్నారు. గద్వాల మగ్గాల ఇళ్లలో నూలు చుట్టి, కండెలు నింపి, మగ్గం మీద మగవాడు కూర్చునే లోపల చేయాల్సిన పనంతా చేసేది ఆడవాళ్లే. చేతులకు తీరిక లేకపోయినా చెవులకు ఉండేది. పొద్దున్నుంచి రాత్రిదాకా రేడియో ఆ పని పక్కనే మోగేది. నేత కూలి లెక్కలో కండెలు చుట్టిన శ్రమ ఎట్లా కలవదో, సంగీతాభిమానుల లెక్కలో ఈ వినికిడి అట్లా కలవలేదు. విన్నది వీళ్లు, తీర్పు చెప్పింది హోటల్లో కూర్చున్న వాళ్లు.

అసలు ఆ వాదన దేని గురించి? పైకి మనుషుల గురించిలా కనిపించినా లోపల అది యంత్రం గురించి. 1983లో జపాన్‌కు చెందిన యమహా కంపెనీ డి.ఎక్స్.7 అనే కీబోర్డును తెచ్చింది. గంటలు, ఎలక్ట్రిక్ పియానో, బేస్ లాంటి శబ్దాలు మీట నొక్కితే పలికేవి. మద్రాసు స్టూడియోల్లో వరసకట్టి కూర్చునే వయొలిన్ల మధ్యకు ఇలాంటి పెట్టెలు వచ్చాయి. 1986లో తమిళ ‘పున్నగై మన్నన్’కు ఇళయరాజా కంప్యూటర్ సహాయంతో చేసిన సంగీతం ‘డాన్స్ మాస్టర్’ పేరుతో తెలుగుకూ వచ్చింది. సాలూరి రాజేశ్వరరావు కొడుకు కోటి, టి.వి.రాజు కొడుకు రాజ్ కలిసి కీబోర్డు దరువుల మీద తమ బాణీ నిలబెట్టుకున్నారు. వాళ్ల దగ్గర, రమేష్‌నాయుడు దగ్గర, ఇళయరాజా దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే తర్వాత ఏ.ఆర్.రెహమాన్. “ఇది సంగీతమా, చప్పుడా?” అన్న ప్రశ్న అప్పుడు లేచింది.

సరిగ్గా అదే సమయంలో అదే ప్రశ్న ఇంగ్లండులో కూడా లేచింది. హ్యూమన్ లీగ్, డెపెష్ మోడ్, యాజూ, యురిథ్మిక్స్ లాంటి బృందాలు గిటార్లను పక్కనపెట్టి సింథసైజర్లతో పాటలు కట్టాయి. 1982లో అక్కడి సంగీతకారుల యూనియన్ లండన్ శాఖ సింథసైజర్లను, డ్రమ్ యంత్రాలను నిషేధించాలని తీర్మానం కూడా చేసింది. ఉపాధి భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ ‘అసలు సంగీతం’ అన్న మాట వెనక ఇంకో సంగతి ఉంది. గిటారు మగవాడి చేతి వాద్యం. మీటలు నొక్కే పాటలూ, వాటికి ఆడే అమ్మాయిలూ చులకన. హ్యూమన్ లీగ్‌లోకి 1980లో షెఫీల్డ్ నగరపు ఒక డాన్సు క్లబ్బు నుంచి బడిలో చదువుకుంటున్న ఇద్దరు అమ్మాయిలు, జోన్ కాథరాల్, సూజన్ సల్లీ, వచ్చారు. ‘పక్కన ఆడే పిల్లలు’గా వాళ్లను తీసిపారేసిన వాళ్లు చాలామంది. ఆ ఇద్దరూ దశాబ్దాలపాటు ఆ బృందంలోనే పాడుతూ వచ్చారు. యురిథ్మిక్స్ గాయని ఆనీ లెనాక్స్ జుట్టు కత్తిరించుకుని సూటు వేసుకుంటే, పాట సంగతి వదిలేసి ఆమె ఆడా మగా అని చర్చ.

ఇంకా విడ్డూరం, ఆ యంత్ర సంగీతానికి ఇంగ్లండులో పునాది వేసిన వాళ్లలో ఆడవాళ్లున్నారు. బి.బి.సి.లో 1958లో రేడియోఫోనిక్ వర్క్‌షాప్ పెట్టడానికి కారకుల్లో ఒకరు డాఫ్నీ ఓరమ్. 1963లో ‘డాక్టర్ హూ’ అనే టెలివిజన్ కథకు వచ్చే ఎలక్ట్రానిక్ సంగీతాన్ని టేపు ముక్కలు కోసి అతికించి తయారుచేసింది డెలియా డర్బీషైర్. స్వరం రాసినాయన ఆమె పేరూ వేయమన్నా సంస్థ నియమాలు ఒప్పుకోలేదు. తెర మీద ఆమె పేరు పడింది 2013లో, ఆమె చనిపోయిన పన్నెండేళ్లకు. టేపు ముక్క ముక్కా అతికించిన వేళ్లకు పేరు రావడానికి యాభై ఏళ్లు పట్టింది. నాకు ఇది చదివినప్పుడల్లా కండెలు చుట్టే చేతులే గుర్తొస్తాయి.

మన దగ్గర వాదన యంత్రం దగ్గర ఆగలేదు, గొంతు దాకా వచ్చింది. సుశీలా, జానకా అన్నది తెలుగువాళ్లు తరతరాలుగా తెగ్గొట్టుకోలేకపోయిన తగువు. వినడానికి రుచుల తేడాలా ఉంటుంది. కాస్త చెవి ఒగ్గితే ఆడవాళ్ల నడవడి మీద తీర్పు వినిపిస్తుంది. సుశీల గొంతు ఇల్లాలిది, ఎల్.ఆర్.ఈశ్వరి గొంతు క్లబ్బుది. జానకి ఏ పాత్రకైనా గొంతు మార్చగలదు, అందుకే ఆమె మీద కొందరికి అనుమానం! ఏ గొంతు ఇంటి గడప లోపల ఉండాలో, ఏది బయట ఉండాలో సినిమా ముందే పంచిపెట్టింది. శ్రోతలు ఆ పంపకాన్ని ‘మాధుర్యం’ అని పిలిచారు. నిజానికి పాటలు ఈ గోడల్ని ఎప్పుడూ లెక్కచేయలేదు. ‘మేఘసందేశం’ పాటలకు జాతీయ అవార్డు పొందిన సుశీలే ‘సింహాసనం’లో రాజ్ సీతారామ్‌తో బప్పీలహరి దరువుకూ పాడింది. ‘సితార’ (1984)లో అంత లోతైన పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్న జానకి, డిస్కో పాటలు పాడిన జానకి ఒక్కరే.

ఆడవాళ్లు ఈ పంపకాన్ని ఒప్పుకున్నారా? రాతలో జవాబు లేదు. రేడియోకు ఉత్తరం రాస్తే పేరు చదువుతారు. రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం చెవికోసుకునే ఇళ్లలోనే ఆడపిల్ల పేరు గాలిలో వినబడటం తప్పు. పాట కోరింది అక్క, పేరు తమ్ముడిది. ఆ కార్డులన్నీ తీసి చూసినా మనకు దొరికేది తమ్ముళ్ల చరిత్రే.

ఇంకో చోటు ఉంది. రికార్డింగ్ షాపుకు పంపే చీటీ. ఆడపిల్ల షాపుకు పోదు, చీటీ పోతుంది. అరవై నిమిషాల క్యాసెట్టులో పక్కకు ఆరేడు పాటలే పడతాయి. కనుక వంద పాటల్లోంచి పన్నెండో పదమూడో ఏరుకోవాలి, ఏది ముందు ఏది వెనక నిర్ణయించుకోవాలి, ‘ఎ’ సైడు ఆఖరి పాట మధ్యలో తెగిపోకుండా లెక్క వేసుకోవాలి. వనపర్తిలో మా చిన్నమ్మ ఒకామె రూళ్ల కాగితం మీద రాసిన అలాంటి చీటీ నేను చూశాను. సుశీల పాత పాట కింద జానకి డిస్కో పాట, దాని కింద మళ్లీ ఒక భక్తి పాట. పక్కన చిన్నగా, “ఇది లేకుంటే వేరేది వేయొద్దు, ఖాళీ పెట్టు” అని హుకుం. షాపు అబ్బాయి నవ్వాడట. మా మామ అయితే, “గా చప్పుడు పాట ఎందుకే నడుమల?” అన్నాడట. “నడుమల చప్పుడు లేకుంటే నిద్రొస్తది” అన్నది ఆమె. ఇళయరాజాకూ చక్రవర్తికీ పందెం కట్టిన వాళ్లెవరూ ఇంత సూటిగా మాట్లాడిన గుర్తు నాకు లేదు. ఒక వరసను ఏర్చి కూర్చడం విమర్శ కాకపోతే మనం పత్రికల్లో చేస్తున్నది ఏమిటి?

ఇలా మాట్లాడితే గద్వాల వాళ్లకు సంస్థానం గుర్తొస్తుంది. విద్వద్గద్వాల అని పేరున్న ఊరు. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేస్తూ తిరిగిన సంస్థానాల్లో గద్వాల, వనపర్తి ఉన్నాయి. ఎవరి పద్యం మేలన్నది అక్కడ కొలువులో తేలాల్సిన సంగతి. 1924లో రాజు చనిపోయాక గద్వాల బాధ్యత ఆదిలక్ష్మీదేవమ్మ చేతికి వచ్చింది. అంటే పండితులకు సన్మానం చేసే స్థానంలో కొంతకాలం ఒక స్త్రీ ఉంది. అంతమాత్రాన తీర్పు చెప్పే చెవి ఆడవాళ్లదయిందని నేను అనను. రాణి వినవచ్చు. కొలువు బయట నీళ్లు మోసే మనిషి విన్నదానికి విలువ కట్టిన వాళ్లు లేరు. ‘చప్పుడు’ అన్న మాటకు కులం కూడా ఉంది. డప్పును చప్పుడన్న నోళ్లే డ్రమ్ యంత్రాన్నీ చప్పుడన్నాయి.

ఇటీవల ఈ వాదన కొత్త వేషంలో వచ్చింది. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర, 2022లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ కోసం తమన్ కట్టిన కంప్యూటర్ దరువుల మధ్య మోగింది. అదే ఏడాది ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కిన్నెర బతికిందని సంతోషించిన వాళ్లు, యంత్రం దాన్ని మింగిందని బాధపడిన వాళ్లు బాగానే తలపడ్డారు. అదే సినిమాలో పాడిన కూలీ మనిషి కుమ్మరి దుర్గవ్వ గురించి వాదించడానికి అంతమంది రాలేదు. ఆమె పాడిన పాటలో దరువు నెమ్మదిస్తుంది, గొంతే ముందుంటుంది. చదువుకోని మనిషి అంత బాగా పాడిందని మెచ్చుకున్నారు. ఏ పాట మంచిదని ఆమెను అడిగిన వాళ్లను మాత్రం నేను చూడలేదు.

బతుకమ్మ నాడు పెద్ద పెద్ద బాక్సులు పెట్టి డి.జె. దరువుతో పాటలు వేస్తే సంప్రదాయం చెడిందని ఇప్పుడు ఊళ్లలో పెద్దమనుషులు బాధపడుతున్నారు. ఆడేది వాళ్లు కారు. కిందటేడు మా వాడకట్టులో ఆడవాళ్లు మొదటి గంట చప్పట్లతో నోటి పాటలే పాడారు, తర్వాత బాక్సు పెట్టమన్నారు, మధ్యలో ఒక పాట నచ్చక ఆపించి వేరేది వేయించారు. ఏది తీసేయాలో, ఏది ఉంచాలో చెప్తూ ఒకావిడ బాక్సు పక్కనే నిలబడింది. చేతిలో చీటీ ఉంది.