రుద్రారం రాకముందు తోషిబా ఓడిన పోరు

2008 ఫిబ్రవరి 19, మంగళవారం. టోక్యోలో తోషిబా అధ్యక్షుడు అట్సుతోషి నిషిదా విలేకరుల ముందుకొచ్చారు. ఏం చెప్పబోతున్నారో అందరికీ తెలుసు. జపాన్ మీడియాలో మూడు రోజులుగా అదే వార్త. ఆయన నోట వినడమే మిగిలింది. హెచ్‌డీ డీవీడీ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామన్నారు. మార్చి నెలాఖరుకల్లా ముగిస్తామన్నారు. ఇక గెలిచే దారి లేదని, సాగదీస్తే కొనేవాళ్లే అయోమయంలో పడతారని కారణం చెప్పారు.

ఏడు వారాల కిందటి దాకా బ్లూ-రేతో ఈ సినిమా డిస్కుల పోరు ఎటు తిరుగుతుందో ఎవరూ తేల్చలేకపోయారు.

రెండు డిస్కులూ బయటికి ఒక్కలాగే ఉంటాయి. అదే 12 సెంటీమీటర్ల బిళ్ల, చదివేది అదే 405 నానోమీటర్ల నీలి ఊదా లేజరు. తేడా లోపల ఉంది. తోషిబా డిస్కులో సమాచారపు పొర డీవీడీలో లాగే 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. సోనీ పక్షం తెచ్చిన బ్లూ-రేలో 0.1 మిల్లీమీటరు లోతునే. లేజరు చుక్క అక్కడ ఇంకా సన్నగా పడుతుంది కాబట్టి ఒక్కో పొరలో 25 గిగాబైట్లు పడతాయి. తోషిబా దాంట్లో 15. కానీ ఆ 0.6 లోనే ఫ్యాక్టరీలకు లాభం ఉంది. పాత డీవీడీ లైన్లనే కాస్త మార్చుకుని అచ్చు వేసుకోవచ్చు. బ్లూ-రేకు కొత్త యంత్రాలు కావాలి, పైన గీతలు పడకుండా గట్టి పూత కావాలి. పటాన్‌చెరు దగ్గరి పాశమైలారం షెడ్లలో ఏ ప్రొడక్షన్ మేనేజర్‌ను అడిగినా తోషిబాకే చెయ్యెత్తుతాడు. నేనైనా ఎత్తేవాణ్ణి.

అయితే తీర్పు వచ్చింది షెడ్డు నుంచి కాదు, పిల్లలు ఆటలాడే గది నుంచి. 2006 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3 లోపలే సోనీ బ్లూ-రే డ్రైవు పెట్టేసింది. ఆట కోసం పెట్టె కొన్నవాడికి సినిమా ప్లేయరు కలిసొచ్చింది. మైక్రోసాఫ్ట్ మాత్రం ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీ డీవీడీ డ్రైవును విడిగా, 199 డాలర్లకు అమ్మింది. అది సినిమాలకే పనికొచ్చేది, ఆటలు మామూలు డీవీడీల మీదే వచ్చేవి. 2007 ఏప్రిల్‌లో మన దేశానికొచ్చిన ప్లేస్టేషన్ 3 ధర 39,990 రూపాయలు. మోజర్ బేయర్ సినిమా డీవీడీని 34 రూపాయలకే అమ్మిన రోజులవి. మన వీధుల్లో ఈ గొడవ ఎవరికి పట్టింది?

అసలు దెబ్బ పాత మిత్రుడి చేతిలో తగిలింది. 1995లో డీవీడీ రూపం తేలినప్పుడు సోనీ, ఫిలిప్స్‌లకు ఎదురుగా తోషిబా పక్కన నిలబడింది హాలీవుడ్ స్టూడియో వార్నర్. ఆ వార్నరే 2008 జనవరి 4న ఇకపై బ్లూ-రే ఒక్కటేనని ప్రకటించింది. రెండు రోజుల తర్వాత లాస్ వెగాస్‌లో జరగాల్సిన విలేకరుల సమావేశాన్ని హెచ్‌డీ డీవీడీ వర్గం రద్దు చేసుకుంది. తోషిబా ప్లేయర్ల ధరలు తెగ్గోసింది. ఫలితం లేదు. ఫిబ్రవరి 11న డిస్కులు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్, అమ్మే బెస్ట్ బై, 15న వాల్‌మార్ట్ బ్లూ-రే వైపు వెళ్లిపోయాయి. 19న నిషిదా మైకు ముందుకొచ్చారు.

ఓటమి ఒప్పుకున్న ఆ రోజే తోషిబా ఇంకో ప్రకటన కూడా చేసింది. ఫ్లాష్ మెమరీ కోసం రెండు కొత్త ప్లాంట్లు, సుమారు 1.7 లక్షల కోట్ల యెన్ల ఖర్చు. 2009 ఆగస్టులో తనను ఓడించిన బ్లూ-రే సంఘంలోనే సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకుంది. వ్యాపారంలో ఇలా ఓటమి ఒప్పుకుని దారి మార్చుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు, చాలామందికి చేతకాని పని. తోషిబాకూ అన్నిసార్లూ చేతకాలేదు. ఇదే నిషిదా హయాంలో 2006లో కొన్న అమెరికా అణు సంస్థ వెస్టింగ్‌హౌస్‌ను 2017లో దివాలా దాకా మోసింది. ఆ నష్టం పూడ్చుకోవడానికి 2018లో మెమరీ వ్యాపారాన్నే అమ్ముకుంది.

డిస్కుల ఓటమికీ, వెస్టింగ్‌హౌస్ దివాలాకూ మధ్యలో వచ్చింది మన ఊరి సంగతి. పటాన్‌చెరు దాటాక ఇస్నాపూర్ చౌరస్తాలో పక్కకు తిరిగితే పాశమైలారం, తిరగకుండా సంగారెడ్డి దారి పట్టుకుంటే రుద్రారం. అక్కడి విజయ్ ఎలక్ట్రికల్స్ ట్రాన్స్‌ఫార్మర్ల వ్యాపారాన్ని తోషిబా 2013లో కొనుక్కుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు హాలీవుడ్ మద్దతు అక్కర్లేదు, పిల్లల ఆటపెట్టెలో దూరే పని లేదు. కొలతలు టెండరులోనే ఉంటాయి.

టీవీలు, మెమరీ, డిస్కులు తోషిబా చేయి దాటిపోయాయి. రుద్రారం మాత్రం నిలిచింది. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జపాన్ పర్యటనలో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ మరో 562 కోట్ల రూపాయలు పెట్టి సర్జ్ అరెస్టర్ల తయారీ మొదలుపెట్టాలి, ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం పెంచాలి.