పిల్లి కన్నం: ఉలి నుంచి గాజు పలక దాకా

తలుపుకు పిల్లి కన్నం అనగానే ఇంగ్లండులో న్యూటన్ పేరు చెబుతారు. పెద్ద పిల్లికి పెద్ద కన్నం, దాని కూనకు చిన్న కన్నం కోయించాడట. తల్లి దూరే దారిలో కూన కూడా దూరుతుందని అంతటి మేధావికీ తట్టలేదట. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చదివిన జె.ఎం.ఎఫ్. రైట్ 1827 నాటి పుస్తకంలో ఈ కథ చెప్పి, పూడ్చేసిన కన్నాలు రెండు అక్కడ న్యూటన్ ఉన్న గది తలుపుకు నిజంగానే ఉన్నాయని రాశాడు. అయితే 1680లలో న్యూటన్ దగ్గర రాతపని చేసిన హంఫ్రీ న్యూటన్ (పేరు ఒకటే అయినా మనిషి వేరు) ఆయన గదిలో కుక్కా లేదు, పిల్లీ లేదు అన్నాడు. మరి కన్నాల సంగతేమిటి? ఆ గదుల్లో ఆయనకు ముందూ వెనకా ఎందరో ఉన్నారు. కన్నాన్ని చూసి కోయించినవాడి పేరు చెప్పలేం. అసలు ఈ కన్నానికి కనిపెట్టినవాడంటూ ఒకడు ఉన్నాడనుకోవడమే పొరపాటు. ఇది వడ్రంగుల చేతిలో పుట్టింది, అదీ పిల్లి మీద ముద్దుతో కాదు, ఎలుకల బాధ పడలేక.

న్యూటన్ పుట్టడానికి రెండు వందల ఏళ్లకు పైగా ముందే, 1400లో చనిపోయిన ఇంగ్లీషు కవి చాసర్ తన మిల్లర్ కథలో ఒక నౌకరు చేత తలుపు అడుగున పిల్లి దూరే కన్నంలోంచి గదిలోకి తొంగిచూయిస్తాడు. కవి కల్పన సాక్ష్యమెలా అవుతుందని అడగవచ్చు. కథ కల్పితమే, కానీ ఆ కన్నం గురించి చాసర్ ఏ వివరణా ఇవ్వడు. వినేవాళ్లకు తెలిసిన వస్తువైతేనే అలా ఒక్క మాటతో సరిపెట్టగలం. కవిని నమ్మనివాళ్లకు చిట్టాలున్నాయి. ఇంగ్లండులోని ఎక్సెటర్ కేథడ్రల్ లెక్కల్లో 1305 నుంచి 1467 వరకు పిల్లి పేరన వారానికో పెన్నీ ఖర్చు కనిపిస్తుంది. 1598లో అక్కడి గడియారం కింది తలుపుకు పిల్లి కోసం కన్నం కోసిన వడ్రంగులకు 8 పెన్నీలు ముట్టాయి. గడియారం యంత్రానికి పూసే కొవ్వు ఎలుకలను రప్పించేదని అక్కడ చెబుతారు. జీతం ఇచ్చి, రాకపోకలకు దారి చూపారంటే ఆ పిల్లి పెంపుడు జంతువు కాదు, నౌకరే.

చెక్క తలుపుకు కన్నం ఎప్పుడు కావాలంటే అప్పుడు కోయవచ్చు. గాజు తలుపు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. మామూలు గాజుకైతే గుండ్రంగా గీత గీసి, లోపల అడ్డదిడ్డంగా మరిన్ని గీతలు పెట్టి, మెల్లగా తట్టి ముక్కలు ఊడదీయవచ్చు. టఫెన్డ్ గాజుకు ఈ విద్య పనికిరాదు. 600 డిగ్రీలు దాటించి గాలితో గబుక్కున చల్లార్చడంతో దాని పైపొర బిగుసుకుంటుంది, లోపలి భాగం లాగుడులో ఉంటుంది. కోయబోతే పలకంతా పలుకులై రాలుతుంది. ఇంటి తలుపుకు మామూలు గాజే వేసుకుంటే పోదా అంటే, ఇంగ్లండులో 1992 నుంచి తలుపుల్లో నేల నుంచి 1500 మిల్లీమీటర్ల ఎత్తు దాకా టఫెన్డ్ లాంటి, పగిలినా ప్రమాదం లేని గాజు వాడాలన్న నిబంధన ఉంది. పిల్లి నడిచేది ఆ ఎత్తులోనే మరి. అందుకే కొలతలిచ్చి, కన్నం ముందే కోయించి, ఆ తర్వాతే కొలిమికి పంపిస్తారు. రెండు పలకలు కలిపి అంచులు మూసిన డబుల్ గ్లేజింగ్‌కైతే పాతది తీసేసి, కన్నంతో కొత్తది చేయించాల్సిందే. ఇంతా చేసి, పిల్లి లేని కుటుంబం ఆ ఇంట్లో దిగితే చెక్కముక్కతో పూడ్చడం కుదరదు, పలకే మారుతుంది. ట్రినిటీ తలుపుకు మిగిలిన అతుకుల్లాంటి ఆనవాలు గాజు తలుపుకు మిగలదు.