ఎండలోనే రంగు.. క్రోటన్ పెంపకంలో మెలకువలు

కడియం: రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు 16వ నంబరు జాతీయ రహదారిపై ప్రయాణించే వారికి కడియపులంక వద్ద దారికి ఇరువైపులా ఎరుపు, పసుపు, నారింజ, ఊదా రంగుల్లో బారులుతీరిన మొక్కలు దర్శనమిస్తాయి. దూరం నుంచి చూసేవారు అవి పూలని భ్రమపడతారు. నిజానికి అందులో అధిక భాగం ఆకులే. ఆ ఆకుల మొక్కల్లో అగ్రస్థానం క్రోటన్‌ది. బండి ఆపి రెండు కుండీలు కొనుక్కుని వెళ్లనివారు అరుదు. అయితే ఇంటికి చేరిన పదిహేను రోజులకే ఆకులన్నీ రాలిపోయాయనీ, రంగు వెలిసిపోయిందనీ వాపోయేవారూ అంతమందీ ఉన్నారు. లోపం మొక్కది కాదు, పెంపకంలోనిది.

క్రోటన్ మన నేలలో పుట్టినది కాదు. ఇండొనేసియా, మలేసియా, న్యూగినియా, పసిఫిక్ మహాసముద్ర దీవులు దీని జన్మస్థానం. శాస్త్రీయ నామం కోడియేయం వేరిగేటమ్. మలుకు దీవుల వాసులు దీనికి పెట్టుకున్న పేరే లాటిన్‌లో కోడియేయంగా మారింది. కడియం ఊరి పేరుతో చెవికి పోలిక కనిపించినా రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆముదం కుటుంబానికి చెందిన ఈ పొదకు సన్నని కంకులుగా చిన్న పూలు పూస్తాయి కానీ వాటిని పట్టించుకునేవారు ఉండరు. నేలలో నాటి వదిలేస్తే మూడు మీటర్ల ఎత్తు వరకు ఎదుగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వృక్షశాస్త్రంలో క్రోటన్ అనే పేరు గల ప్రజాతి వేరే ఉంది. తీవ్రమైన విరేచనాలు కలిగించే విషపు గింజల నేపాళం ఆ ప్రజాతిలోనిదే. పేరు ఒకటే కదా అని ఒకదాని గురించి చదివి మరొకదానికి అన్వయించుకోరాదు. అలాగని మన పెరటి క్రోటన్ పూర్తిగా నిరపాయకరమని భావించరాదు. కొమ్మ విరిచినప్పుడు కారే జిగురు కొందరికి చర్మంపై దురద, దద్దుర్లు తెప్పిస్తుంది. బట్టలపై పడితే గోధుమరంగు మరక అంత సులభంగా వదలదు. ఆకులు నమిలితే నోరు మండి, వాంతులు అయ్యే అవకాశం ఉంది కాబట్టి పసిపిల్లలు పాకే చోట కుండీలు ఉంచకపోవడం మేలు. మరోవైపు, సాధారణంగా మేకలు, పశువులు దీని జోలికి రావు. ప్రహరీ లేని పల్లెటూరి ఇళ్లకు ఇదొక సౌలభ్యమే.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆకుపచ్చదనాన్నిచ్చే పత్రహరితంతో పాటు పసుపు, నారింజ రంగులనిచ్చే కెరోటినాయిడ్లు, ఎరుపు, ఊదా రంగులనిచ్చే ఆంథోసయనిన్లు క్రోటన్ ఆకులో ఉంటాయి. చాలా రకాల్లో లేత ఆకు పచ్చగానో పసుపుగానో వెలువడి, ముదిరే కొద్దీ ఎరుపెక్కుతుంది. అందుకే ఒకే మొక్కపై మూడు నాలుగు రంగులు కనిపిస్తాయి. ఈ మార్పునకు వెలుతురే ఆధారం. రోజుకు కనీసం నాలుగైదు గంటలు ఎండ తగలనిదే అసలు రంగు బయటపడదు. నీడలో ఉంచితే మొక్క చావదు. కానీ దొరికిన కొద్దిపాటి వెలుగునే వాడుకోవడానికి పత్రహరితాన్ని పెంచుకుని మామూలు పచ్చని పొదలా మారిపోతుంది.

ఈ విలేకరి ఇంటి వద్ద వేపచెట్టు కింద వరుసగా నాటిన ఆరు మొక్కలు ఏడాది తిరిగేసరికి గోరింటాకు పొదల్లా పచ్చబడ్డాయి. రకం తేడాగా ఇచ్చారని అమ్మిన వారిని తప్పుపట్టిన మాట వాస్తవం. వాటిలో రెండింటిని తూర్పు వైపు ఆరుబయటకు మార్చగా, వర్షాకాలం ముగిసేలోగా కొత్త ఆకులకు ఎర్రని ఈనెలు తేలాయి. పాత ఆకులు మాత్రం పచ్చగానే రాలిపోయాయి. రంగు కోసం చూడవలసింది కొత్త చిగుళ్లలోనే అని అప్పుడు తెలిసివచ్చింది.

కాలాన్ని బట్టి కూడా ఆకుల తీరు మారుతుంది. మన కోస్తా జిల్లాల్లో వర్షాలు తగ్గి ఎండ నిర్మలంగా కాసే రోజుల నుంచి సంక్రాంతి వరకు క్రోటన్ మంచి కళతో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ఆకుల అంచులు మాడి రంగు వెలుస్తుంది. ఆ రెండు నెలలూ మధ్యాహ్నం పూట నీడవల కప్పడం గానీ, కుండీని తూర్పు అరుగుకు మార్చడం గానీ చేయాలి. ఎండకు, కొద్దిపాటి నీటి ఎద్దడికి ఓర్చుకునే ఈ మొక్క చలికి మాత్రం ఓర్వదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీల కన్నా తగ్గితే ఆకులు రాల్చేస్తుంది. ఇక్కడ నిగనిగలాడిన మొక్కను లంబసింగి వంటి చలి ప్రాంతానికి తీసుకెళ్లి ఆరుబయట ఉంచితే నిలవదు. ఉత్తరాది నగరాల్లోని బంధువులకు పంపేవారు డిసెంబరు, జనవరి నెలలు దాటాక పంపడం ఉత్తమం.

రకాలు అనేకం

క్రోటన్‌లో వందలాది రకాలున్నాయి. వెడల్పాటి ఆకులపై పసుపు, ఎరుపు ఈనెలు మెరిసే పెట్రా, మెలితిరిగిన ఆకుల మమ్మీ, గడ్డిపోచల్లాంటి సన్నని ఆకుల జాంజిబార్ నర్సరీల్లో తరచుగా కనిపిస్తాయి. పచ్చని ఆకుపై పసుపు చుక్కలు చిలకరించినట్టుండే గోల్డ్‌డస్ట్ మిగతా వాటికన్నా నీడను కొంత తట్టుకుంటుంది. వరండాల్లో పెంచదలచిన వారు దీన్ని ఎంచుకోవచ్చు. ఆకు సగంలో తెగి, సన్నని ఈనె చివర మరో చిన్న ఆకు వేలాడే వింత రకం కూడా ఉంది.

అంటుతోనే అచ్చమైన పిల్ల

విత్తనం నుంచి మొలిచిన క్రోటన్ తల్లి రంగులో ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి కొమ్మ కత్తిరింపులు గానీ గాలి అంట్లు గానీ శరణ్యం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలిలో తేమ ఉండే కాలం ఇందుకు అనువైనది. పెన్సిల్ మందమున్న ఆరోగ్యవంతమైన కొమ్మను ఎంచుకుని, కొనకు సుమారు అడుగు దిగువన ఒక అంగుళం మేర బెరడును ఉంగరంలా తొలగించాలి. లోపలి జారుడు పొరను కత్తితో గీకివేయాలి. ఆ పొర మిగిలితే బెరడు తిరిగి అతుక్కుపోయి వేరు పుట్టదు. కొత్తవారి అంట్లు చాలావరకు విఫలమయ్యేది ఇక్కడే. గీకిన చోట తడిపి పిండిన నాచు లేదా కొబ్బరి పొట్టును పిడికెడు ముద్దగా అమర్చి, పాలిథిన్ కాగితం చుట్టి రెండు కొసలా గాలి చొరబడకుండా కట్టాలి. నాలుగు నుంచి ఆరు వారాల్లో తెల్లని వేర్లు కాగితం లోపలి నుంచి కనిపిస్తాయి. అప్పుడు ముద్దకు దిగువన కోసి, కొన్ని ఆకులు తగ్గించి, కుండీలో నాటి రెండు మూడు వారాలు నీడలో ఉంచాలి.

కత్తిరింపులైతే 10 నుంచి 15 సెంటీమీటర్ల ముక్కలు సరిపోతాయి. కోసినచోట జిగురు ఆరిన తరువాత ఇసుకలో గుచ్చి తేమ ఆరకుండా చూడాలి.

నర్సరీల్లో ఈ అంట్ల పనిలో మహిళా కూలీల చేతివాటం చూసి తీరవలసిందే. బెరడు గీకే పనిలో రోజంతా జిగురు వేళ్లకు అంటుతూనే ఉంటుంది. చేతొడుగులు ఇచ్చే తోటలూ ఉన్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ అమలైనప్పుడు మొక్కల రవాణా నిలిచి, ఈ చేతులకు పని కరువైంది. గిడ్డంగిలోని ఇనుము మాదిరిగా మొక్క ఆగదు. అమ్ముడుపోయినా పోకపోయినా వేసవిలో నీరు పెట్టవలసిందే.

కొనేటప్పుడు, కొన్నాక

కవరు అడుగున వేర్లు చుట్టలు చుట్టుకుని బయటకు పొడుచుకొచ్చిన మొక్కను తీసుకోవద్దు. తప్పనిసరైతే నాటే ముందు ఆ చుట్టలను వేళ్లతో విడదీయాలి. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో తీసుకుని కొంత ఇసుక కలిపితే నీరు నిలవదు. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో ఆకులు పాలిపోతాయి. పైమట్టి ఆరిన తరువాతే నీరు పోయాలి. యూరియా అతిగా వేస్తే పచ్చదనం పెరిగి రంగు తగ్గుతుంది కాబట్టి ఏడాదికి రెండు మూడుసార్లు పశువుల ఎరువు చాలు. కంచెగా పెంచదలిస్తే మొక్కకు మొక్కకు అడుగున్నర నుంచి రెండడుగుల ఎడం ఉంచి, వానలకు ముందు తలలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది.

చోటు మారిన కొత్తలో ఆకులు రాల్చడం క్రోటన్ స్వభావం. వెంటనే పీకి పారవేయరాదు. కాండాన్ని గోటితో కొద్దిగా గీచి చూడాలి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మళ్లీ మళ్లీ చోటు మార్చకుండా, నీరు కొంత తగ్గించి ఓపిక పడితే చిగుళ్లు వస్తాయి.

వేసవిలో ఎర్రనల్లి, మిగిలిన కాలాల్లో పిండినల్లి, పొలుసు పురుగు ఆశిస్తాయి. ఆకుల అడుగుభాగాన్ని వారానికోసారి నీటి ధారతో కడిగితే ఎర్రనల్లి చాలావరకు అదుపులో ఉంటుంది. పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయాలి. పొలుసు పురుగు గట్టిగా పట్టిన కొమ్మను మాత్రం మందుతో కాపాడే ప్రయత్నం మాని, కత్తిరించి కాల్చివేయడమే మంచిది.